ఆకతాయి అంటే అల్లరివాడేనా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా అబ్బాయి మూడో తరగతి చదువుతున్నాడు. మొన్న స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి వెళ్తే వాళ్ళ క్లాస్ టీచరు అందరి ముందూ "మీవాడు ఒట్టి ఆకతాయండీ" అన్నారు. పక్కన కూర్చునే పిల్లాడి టిఫిన్ బాక్సు మూడు రోజులు వరసగా దాచేశాడట. ఇంటికొచ్చి చెబితే మా మామయ్యగారు మండిపడ్డారు. ఆకతాయి అంటే సంస్కృతంలో హంతకుడనీ, చిన్నపిల్లాడిని అనాల్సిన మాట కాదనీ ఆయన అంటారు. మావారేమో "ఆకతాయి అన్నా అల్లరివాడన్నా ఒకటే, వదిలెయ్" అంటున్నారు. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. అసలు ఈ మాటకి అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? టీచరుతో మాట్లాడమంటారా, ఊరుకోమంటారా?

— ఒక తల్లి

సమాధానం: అమ్మా, నలుగురిలో బిడ్డని ఒక మాట అంటే తల్లికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. పిల్లల మీద ఇలాంటి మాటలు వాడినవాళ్ళనీ, ఆ మాటలకి కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లులనీ చాలామందిని చూశాను. మీ ప్రశ్నకి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ మాట పుట్టిన చోటు దాకా వెళ్ళి వద్దాం.

మీ మామయ్యగారు చెప్పింది నిజమే. ఆకతాయి అనేది సంస్కృతంలోని ఆతతాయి అనే మాటకి వికృతి. ఆతత అంటే బాగా లాగిన, సాచిన అని అర్థం. విల్లు ఎక్కుపెట్టి మీదికి వచ్చేవాడు ఆతతాయి. అంటే ఈ మాట పుట్టినప్పుడు దాని చేతిలో విల్లు ఉంది. ఇంకో చిత్రం చెబుతాను. శివాలయంలో అభిషేకం చేసేటప్పుడు చదివే నమకం మీ మామయ్యగారికి వచ్చే ఉంటుంది. రెండో అనువాకంలో "నమో రుద్రాయాతతావినే క్షేత్రాణాం పతయే నమః" అని వస్తుంది, ఆయన్నే అడగండి. మన వైపు చదివే తైత్తిరీయ పాఠంలో అది ఆతతావి, శుక్ల యజుర్వేదంలో ఆతతాయి. విల్లు ఎక్కుపెట్టిన రుద్రుడికి నమస్కారం అని అర్థం. అక్కడ అది తిట్టు కాదు, శివుడి పేరు. ప్రతి సోమవారం గుళ్ళో పంచామృతాల మధ్య వినపడే మాటకి దూరపు చుట్టమే మీ చెవిన పడి నిద్ర చెడగొట్టింది.

ఆ తర్వాత ధర్మశాస్త్రాల కాలానికి మాట నల్లబడింది. ఆతతాయిలు ఆరుగురు అని ఒక శ్లోకం ఉంది: "అగ్నిదో గరదశ్చైవ శస్త్రపాణిర్ధనాపహః, క్షేత్రదారాపహర్తా చ షడేతే హ్యాతతాయినః". ఇంటికి నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధంతో మీద పడేవాడు, సొమ్ము దోచేవాడు, పొలం కాజేసేవాడు, పరాయివాడి భార్యని ఎత్తుకుపోయేవాడు. ఇలాంటివాడు మీదికి వస్తుంటే గురువైనా సరే, వృద్ధుడైనా సరే, ఆలోచించకుండా చంపవచ్చని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం అంటుంది. అంత బరువైన మాట.

భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ఇదే మాట అంటాడు: "పాపమేవాశ్రయేదస్మాన్ హత్వైతానాతతాయినః". వీళ్ళు ఆతతాయిలే, అయినా చంపితే మాకు పాపమే చుట్టుకుంటుంది అని. కౌరవుల లెక్క ఆ ఆరు నేరాలతో కలిపి చూడండి. లక్క ఇంటికి నిప్పు, భీముడికి విషం, జూదంలో సొమ్ము, రాజ్యం, నిండు సభలో ద్రౌపది. ఇప్పుడు చేతిలో కత్తులు. ఒక్కటీ మిగల్లేదు. అర్జునుడు ఆ మాట ఊరికే అనలేదు, లెక్కచూసుకునే అన్నాడు. అలాగే భాగవతం ప్రథమ స్కంధంలో అశ్వత్థామ నిద్రపోతున్న ఉపపాండవుల్ని చంపి పట్టుబడినప్పుడు, ఆతతాయి వధార్హుడని కృష్ణుడు సంస్కృత మూలంలో అంటాడు. మన పోతన దగ్గర ఆ ఘట్టంలో ద్రౌపది నోట వచ్చే పద్యం మీరు బళ్ళో చదివే ఉంటారు. "నిద్రాసక్తుల సంహరింప నకటా! నీ చేతులెట్లాడెనో!" ఆతతాయి అంటే ఎవరో చూడాలంటే ఆ పద్యం చాలు.

బెంగాలీ పత్రికల్లో ఇప్పటికీ ఆతతాయి అంటే హంతకుడే. హిందీలో ఆతతాయీ అంటే జనాన్ని హింసించేవాడు. ఆ మాట మన దగ్గరికి వచ్చాక మాత్రం మెత్తబడింది. పక్కపక్కనే రెండు తకారాలు పలకడం నాలుకకి ఇబ్బంది, మొదటిది కకారమైంది. ఆతతాయి ఆకతాయి అయింది. పాత నిఘంటువుల్లో దీనికి దుష్టుడు అనే అర్థమే కనిపిస్తుంది. తర్వాత తర్వాత జనం నోళ్ళలో నాని నాని ఇళ్ళ మధ్యకి వచ్చేసింది.

ఇలా యుద్ధభూమి మాటలు పిల్లల దాకా దిగిరావడం తెలుగులో కొత్తేమీ కాదు. పోతన దశమ స్కంధంలో గోపికలు యశోద దగ్గరికి వచ్చి చిన్ని కృష్ణుడి మీద చాడీలు చెబుతారు కదా, ఆ వరసలో ఒక కందం:

బాలురకుఁ బాలు లేవని
బాలింతలు మొఱలుపెట్టఁ బకపక నగి యీ
బాలుం డాలము సేయుచు
నాలకుఁ గ్రేపులను విడిచె నంభోజాక్షీ!

మూడో పాదంలో ఆలము ఉంది చూడండి. కావ్యాల్లో ఆలము అంటే యుద్ధం. ఇక్కడ పోతన దాన్ని తెచ్చి పాలబుగ్గల పిల్లాడి అల్లరికి వాడాడు. చంటిపిల్లలకి పాలు లేవని బాలింతలు మొత్తుకుంటుంటే వీడు పకపకా నవ్వుతూ ఆవుల దగ్గరికి దూడల్ని వదిలేశాడు, ఉన్న పాలు కాస్తా దూడలు తాగేశాయి. ఈ పద్యం ఒకసారి పక్కన పెట్టుకోండి, మీ అబ్బాయి సంగతికి వచ్చేటప్పుడు మళ్ళీ కావాలి.

మనం ఇళ్ళలో చేసేదీ అదే. "మా బుజ్జి రౌడీ" అని ముద్దు చేస్తాం. "దొంగపిల్లా" అని బుగ్గ గిల్లుతాం. చురుకైన పిల్లాడు చిచ్చరపిడుగు. రౌడీ, దొంగ, పిడుగు, మూడూ చెడ్డవే, మూడూ ముద్దుపేర్లయ్యాయి. మరి ఆకతాయి కూడా అలాంటిదే కదా అని మీవారు అనుకుంటున్నారు. అక్కడే నేను ఆయనతో ఏకీభవించను.

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. కొంటె నవ్వు అంటాం, చిలిపి నవ్వు అంటాం, తుంటరి నవ్వు అన్నా బాగానే ఉంటుంది. ఆకతాయి నవ్వు అని ఎవరైనా అనగా విన్నారా? నవ్వు దాని పక్కన ఇమడదు. ఆకతాయి పక్కన ఇమిడేవి పనులు, చేష్టలు, మూక, వేధింపులు. పేపరు తెరవండి. బస్టాండులో ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళు ఆకతాయిలు. స్కూలుకి బాంబు పెట్టామని ఫోన్ చేస్తే, పోలీసులు చూసి ఏమీ లేదని తేల్చాక "ఆకతాయి పని" అని రాస్తారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి కదా, వాళ్ళకి దొరికినవాళ్ళ వార్తల్లో ఎక్కువగా కనపడే మాట కూడా ఇదే. అంటే ఆకతాయి చేతిలో విల్లు పోయింది, హత్య పోయింది, కానీ ఒక్కటి మిగిలింది. ఎదుటివాడి అవస్థ వాడికి వినోదం. మాట ఎంత మెత్తబడినా ఆ ముల్లు విరగలేదు.

అల్లరి సంగతి వేరు. దాని మూలంలో ఉన్నది గోల, గందరగోళం. అందుకే అదే మాట చంటిపిల్లాడికీ పనికొస్తుంది, ఊళ్ళు తగలబడిన రోజుకీ పనికొస్తుంది. పిల్లాడు చేస్తే అల్లరి, గుంపు చేస్తే అల్లర్లు. పరువు పోతే అల్లరిపాలయ్యాడంటాం. కానీ ఏకవచనంలో, ఇంట్లో, పిల్లాడి మీద వాడినప్పుడు ఆ మాటలో ప్రేమే ఉంటుంది. "అల్లరి చేయకపోతే పిల్లలెలా అవుతారు" అనని అమ్మమ్మ ఉండదు. "ఆకతాయి పనులు చేయకపోతే పిల్లలెలా అవుతారు" అని ఏ అమ్మమ్మా అనదు.

మా నాయనమ్మకి చదువు లేదు, కానీ ఈ మాటల కొలత బాగా తెలుసు. మాది గుంటూరు జిల్లాలో కాలవ గట్టు మీద ఊరు. పక్కింటి దొడ్లో జామకాయలు కోస్తే "కొంటె వెధవ" అనేది. మిద్దె మీంచి గడ్డివాము మీదికి దూకితే "దుడుకు తగ్గించుకోరా" అనేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం, నేనూ ఇంకో ఇద్దరూ కలిసి పోస్టుమాన్ సైకిలు వెనక చక్రం వాల్వు ట్యూబు పీకేశాం. ఆయన మా అరుగు మీద కూర్చుని ఎవరికో ఉత్తరం చదివి పెడుతున్నాడు. గాలి బుస్సుమని పోయింది, మేం చింతచెట్టు చాటుకి పోయి నవ్వుకున్నాం. ఆయన వచ్చి చక్రం నొక్కి చూసుకున్నాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. సంచి భుజాన వేసుకుని సైకిలు నడిపించుకుంటూ గట్టు మీద పక్క ఊరికి బయల్దేరాడు. అక్కడ ఇంకా మనియార్డర్లు ఇవ్వాలి. మిట్టమధ్యాహ్నం, కాళ్ళకి తెగిన చెప్పులు.

నాయనమ్మ ఆ రోజు నన్ను కొట్టలేదు. "ఆకతాయి పని చేశావు రా" అంది. మజ్జిగ చెంబు చేతికిచ్చి, ఆయన వెనకాల పరిగెత్తి ఇచ్చి రమ్మంది. చెంబు తొణక్కుండా పరిగెత్తడం ఎంత కష్టమో నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన చెట్టు కింద ఆగి మజ్జిగ తాగి, చెంబు తిరిగి ఇస్తూ "అమ్మకి చెప్పు బాబూ, చల్లగా ఉంది" అన్నాడు. చేసింది నేనేనని ఆయనకి తెలుసు. ఆ తర్వాత నేను చాలా అల్లరి చేశాను గానీ ఎవరి సైకిలు జోలికీ పోలేదు.

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాక ఒక సంగతి నాకు పట్టుబడింది. నాయనమ్మ ఆ మాట పని మీద పెట్టింది, నా మీద పెట్టలేదు. "ఆకతాయి పని చేశావు" అంటే పిల్లాడికి ఆ పని దిద్దుకునే దారి ఉంటుంది. "నువ్వు ఆకతాయివి" అంటే ఆ దారి మూసుకుపోతుంది, వాడికి అదే పేరైపోతుంది. క్లాసులో మిగతా పిల్లలు దాన్ని పట్టుకుంటారు, ఆర్నెల్లు పోయాక వాడు కూడా ఆ పేరుకి తగ్గట్టే ఉండడం మొదలుపెడతాడు. మీవాడి టీచరు చేసిన పొరపాటు ఇదే అని నా అభిప్రాయం. అందరి ముందూ అనడం రెండో పొరపాటు.

అయితే అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పక్కన కూర్చునే పిల్లాడి టిఫిన్ బాక్సు మూడు రోజులు వరసగా దాచాడని రాశారు. మాట అర్థం గురించి ఇంట్లో అందరూ వాదించుకున్నారు. ఆ మూడు రోజులూ ఆ పిల్లాడు మధ్యాహ్నం ఏం తిన్నాడో మీ ఉత్తరంలో లేదు.

ఇందాక పక్కన పెట్టుకోమన్న పద్యం తీసుకోండి. "బాలురకుఁ బాలు లేవని." అక్కడ కూడా ఆకలి ఇంకో పిల్లలదే. మనం కృష్ణుడి వైపు నిలబడి చదువుతాం కాబట్టి పకపక నవ్వు మాత్రమే వినపడుతుంది, మొర వినపడదు. ఇంకో గోపిక అయితే "మా యిండ్లను బాలు పెరుఁగు మననీ డమ్మా" అని, ఇక ఎక్కడికైనా పోతాం, మా అన్నల ఆవుల మీద ఒట్టు అని కూడా అనేసింది. "పోయెద మెక్కడికైనను, మా యన్నల సురభులాన మంజులవాణీ!" ఊరు వదిలి పోతానని అంటోందంటే ఆమె ఎంత విసిగిపోయి ఉండాలి!

దానికి యశోద ఇచ్చిన జవాబు చూస్తే మీరే గుర్తొచ్చారు నాకు. మావాడు నా ఒడి వదిలి ఇటూ అటూ పోడు, పొరుగిళ్ళ దారే తెలియదు, ఇంకా కళ్ళు కూడా తెరవని "చిన్నికుమారకుని ఱవ్వ సేయం దగునే" అంటుంది. ఱవ్వ చేయడం అంటే ఇప్పటి మాటలో రచ్చ చేయడం, బజారుకెక్కించడం. తల్లి మనసుని ఇంత చక్కగా చెప్పిన పద్యం నేను ఇంకోటి ఎరగను. మీ రెండు రాత్రుల బాధ అంతా ఆ ఱవ్వలో ఉంది. కానీ యశోద ఆ మాట అన్నప్పుడు ఆమెకి తెలియని సంగతులు చాలా ఉన్నాయి. తర్వాత తన ఇంట్లోనే కవ్వపు కుండ పగిలి, వెన్న కోతి పాలయ్యాక గానీ ఆమె తాడు పట్టుకుని రోటి దగ్గరికి వెళ్ళలేదు. మీరు అంతదాకా ఆగకండి.

కాబట్టి టీచరుతో మాట్లాడండి, తప్పకుండా. ఒంటరిగా, క్లాసు అయిపోయాక. ఆతతాయి శ్లోకం పట్టుకుని మాత్రం వెళ్ళకండి. మీరు మాట దగ్గర వాదన మొదలుపెడితే ఆవిడ తన మాట నిలబెట్టుకోవడానికే చూస్తారు, పిల్లాడి సంగతి పక్కకి పోతుంది. ముందు ఆ మూడు రోజులు ఏం జరిగిందో అడగండి. బాక్సు ఎక్కడ దాచాడు, ఎప్పుడు తిరిగి ఇచ్చాడు, ఆ పిల్లాడు తిన్నాడా, ఏడ్చాడా, వీళ్ళిద్దరికీ అంతకుముందు గొడవ ఏమైనా ఉందా. అన్నీ విన్నాక అప్పుడు చెప్పండి: "టీచరుగారూ, చేసింది తప్పే, నేను మాట్లాడతాను. ఆ పేరు మాత్రం వాడి మీద వేయకండి, అందరి ముందూ అనకండి." ఇది అడిగే హక్కు మీకుంది, మొహమాట పడకండి. వినే మనిషైతే ఇంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇంకే మాట వాడమంటారు అని ఆవిడ అడిగితే, దుడుకు అని చెప్పండి. ముందువెనకలు చూడకుండా చేసేయడం దుడుకు. తమిళంలో తుడుక్కు అంటే పొగరు కలిసిన అల్లరి, కన్నడంలో దుడుకు అంటే తొందరపాటు. మన దగ్గర రెండు అర్థాలూ ఉన్నాయి. త్యాగరాజస్వామి గౌళ రాగంలో కట్టిన పంచరత్న కీర్తన "దుడుకుగల నన్నే దొర కొడుకు బ్రోచురా ఎంతో" అనే మొదలవుతుంది. అంత మహానుభావుడు తన తప్పులన్నీ ఒక్కొక్కటీ ఏకరువు పెట్టుకోవడానికి ఆ మాటనే ఎంచుకున్నాడు. పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో అంతమంది విద్వాంసులు కలిసి కూర్చుని పాడుతుంటే వినండి, ఆ మాటలో ఎంత ఆర్తి ఉందో తెలుస్తుంది. దుడుకు ఉన్నవాడిని ఎవరో ఒకరు కాపాడతారన్న ఆశ ఆ కీర్తన అడుగడుగునా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ మాట సరిపోతుంది.

ఇక ఇంట్లో. వాడిని కూర్చోబెట్టి ఎందుకు చేశావని గట్టిగా నిలదీస్తే "ఏమో" అంటాడు. పిల్లలందరూ అదే అంటారు. దానికి బదులు ఆ పిల్లాడి గురించి అడగండి. పేరేమిటి, ఇల్లెక్కడ, బాక్సులో రోజూ ఏం తెచ్చుకుంటాడు. నా అనుభవంలో బాక్సులు దాచే పిల్లల్లో సగం మందికి ఆ రెండోవాడితో స్నేహం చేయాలని ఉంటుంది, ఎలా చేయాలో తెలియదు. మిగతా సగం మందికి ఎవరో నేర్పి ఉంటారు, మా ముగ్గురిలో వాల్వు ట్యూబు ఐడియా ఇంకొకడిది అయినట్టు. మీవాడిది ఏదో మీకే తెలుస్తుంది. దాచిన సంగతి వాడి నోటితోనే వస్తే అప్పుడు చెప్పండి, ఇది అల్లరి కాదు, ఆకతాయి పని అని. ఆ మాట మీరే వాడండి, పని మీద మాత్రమే వాడండి. దాని బరువు ఏమిటో కావాలంటే వాళ్ళ తాతగారు చెబుతారు. విల్లు ఎక్కుపెట్టిన రుద్రుడి కథ అయితే ఏ పిల్లాడైనా నోరు తెరుచుకుని వింటాడు. మామయ్యగారి కోపానికి కూడా ఒక మంచి పని దొరుకుతుంది.

సోమవారం పొద్దున టిఫిన్ బాక్సులు రెండు కట్టండి. రెండోది మీవాడి చేతే ఆ పిల్లాడికి ఇప్పించండి, క్షమాపణ పాఠం బట్టీ పట్టించకుండా. అందులో ఏం పెట్టాలో ఆదివారం సాయంత్రమే వాడిని ఫోన్ చేసి కనుక్కోమనండి. పులిహోర ఇష్టమో, బంగాళదుంప వేపుడు ఇష్టమో.